అన్నం తిన్నాక ఒక గంట

ఈ పుస్తకం కోసం నేను రాసిన కాగితాలన్నీ మౌనిక పోయిన ఆదివారం కూర్చుని చదివింది. మౌనిక నా చెల్లెలు పద్మ కూతురు. ఇంటర్ చదువుకోసం మా ఇంటికి వచ్చి ఆరేళ్లకు పైగా మా దగ్గరే ఉంది. చివరి కాగితం పక్కన పెట్టి, "కంపెనీ సంగతి రాసినవు, నాచారంల నల్లా నీళ్ల కొట్లాటలు రాసినవు, పెద్దబాపు స్కూటర్ సంగతి సుత రాసినవు. నా సంగతి ఏది పెద్దమ్మా?" అంది. నీకు ఇబ్బంది అవుతుందని రాయలేదన్నాను. "నాకా, నీకా?" అంది. మళ్లీ తనే, "రాయి. నా పేరే పెట్టు. ఒక్క అంకె మాత్రం రాయకు," అంది. ఏ అంకె అని నేను అడగలేదు. తేదీలూ లెక్కలూ తప్పు లేకుండా రాస్తానని నాకు పేరు. ఆ అంకె కూడా నాకు గ్రాములతో సహా గుర్తుంది. రాయను.

అప్పుడు మేము నాచారంలో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. వెనక వంటకు వసారా, దాని పక్కనే బాత్రూం. పక్క పోర్షన్‌లో యాదమ్మ వాళ్లు. వాళ్ల వసారాకూ మా వసారాకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. మా ఆయన ఉప్పల్ డిపోలో మెకానిక్. నేను మల్లాపూర్‌లో మసాలా పొడుల కంపెనీకి నడిచి వెళ్లేదాన్ని. అక్కడ ఇరవై రెండేళ్లు తూకం బల్ల దగ్గరే పనిచేశాను. ప్యాకెట్ రెండు గ్రాములు తగ్గినా చేతికి తెలిసేది. సాయంత్రం ఇంటికి వస్తే నా జుట్టులోంచీ చీరలోంచీ మిరప్పొడి, ధనియాల వాసన. "పెద్దమ్మ వచ్చింది" అని చెప్పడానికి బదులు మౌనిక రెండు తుమ్ములు తుమ్మేది. గాలి అటు తిరిగిన రోజున మందుల ఫ్యాక్టరీల వాసన వచ్చి కిటికీలు మూసుకునేవాళ్లం. ఇంట్లో కూడా నాది తూకం బల్ల బుద్ధే. బియ్యం సోలతో కొలిచి, ఆ రోజు ఎన్ని పోశానో, ఎంత అన్నం మిగిలిందో, గ్యాస్ సిలిండర్ ఏ రోజు పెట్టానో, నీళ్ల డ్రమ్ము ఏ రోజు నిండిందో నోటు పుస్తకంలో రాసేదాన్ని. "మీ పెద్దమ్మ ఉప్పుగల్లులు సుత లెక్కవెడ్తది, జర పైలం బిడ్డా" అని మా ఆయన మౌనికను నవ్వించేవాడు.

ఈ అలవాటు మా నాయనమ్మది. ఆమె ఇంట్లో పగలు జొన్న గట్క, రాత్రికి మాత్రం అన్నం. తవ్వతో బియ్యం కొలిచి కుండలో పోసి, అందులోంచి ఒక పిడికెడు తీసి మళ్లీ గుమ్మిలో వేసేది. పళ్లెంలో మెతుకు వదిలితే వీపు మీద పడేది. అన్నం తక్కువ కావడం నాకు తెలుసు, సరిపోవడం తెలుసు. ఎదుట కావలసినంత అన్నం ఉండి, అదే ఒక మనిషికి ప్రాణం మీదికి తెస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

పదో తరగతిలో మౌనికకు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం మీద ఉంది. బతికి లేస్తే సమ్మక్క సారలమ్మకు బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని పద్మ మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే. మనిషిని కాటా మీద ఒకవైపు కూర్చోబెట్టి రెండోవైపు అంత బెల్లం తూచి మేడారం తీసుకుపోతారు. మౌనిక ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా జాతర వచ్చింది. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు, నెలలో సగం కాలేజీలు బంద్. ఉప్పల్ చౌరస్తా దగ్గర బెల్లం కొట్టుకు పద్మ, నేను, మౌనిక వెళ్లాం. కొట్టతను ఉజ్జాయింపుగా తూచేస్తున్నాడు. నాకది నచ్చలేదు. దేవతకు ఇచ్చేది సరిగ్గా ఉండాలి కదా. "చెప్పులు విప్పు. బ్యాగు పక్కకు పెట్టు. చున్నీ నాకియ్యి," అని మౌనికను మళ్లీ ఎక్కించాను. వెనక పది పన్నెండు మంది వరుసలో నిలబడి ఉన్నారు. కంపెనీలో అలవాటు ప్రకారం అంకె పైకి చదివాను, కిలోలూ గ్రాములూ, గట్టిగా.

వరుసలోంచి ఎవరో ఆడమనిషి, "తల్లులకు ఈసారి మస్తు ముడుతది పో!" అంది. అందరూ నవ్వారు. కొట్టతను ఇంకో దిమ్మ బెల్లం ఎత్తి పెడుతూ, "అమ్మా, ఆటో ఒకటి సాలది, రెండు మాట్లాడుకోన్రి," అన్నాడు. పద్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. మౌనిక కాటా దిగి చున్నీ అడగలేదు, నేనే భుజాల మీద వేశాను. అక్కడున్న ఎవరికీ ఆమె మీద కోపం లేదు. బిడ్డ బతికిందన్న సంతోషంతో చేసిన పని అది. దేవతకు దోషం రాకూడదని నేను సరిగ్గా తూచాను. మౌనికకు వచ్చిన జబ్బు ఆ రోజే మొదలైందని నేను అనను. ఇలాంటిదానికి ఒకటే కారణం ఉండదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. కాని మౌనిక ఎక్కడ మొదలుపెట్టి చెప్పినా ముందు ఆ కాటా చెప్పేది.

జాతర నుంచి వచ్చాక మౌనిక పొద్దున తినడం మానేసింది. ఆకలి లేదనేది, క్లాసుకు టైం అయిందనేది. మధ్యాహ్నం ఇంట్లో తను ఒక్కతే. నేను సాయంత్రం వచ్చేసరికి రాత్రికి ఉంచిన అన్నం ఉండేది కాదు. సకినాల డబ్బాలో నేను పేర్చిన వరసలు తగ్గిపోయేవి. చక్కెర, బ్రెడ్డు, అటుకులు, ఏవి ఇంట్లో ఉంటే అవి. మూడు రోజులు వచ్చే నీళ్ల డ్రమ్ము రెండు రోజులకే అడుగంటేది. బాత్రూం మాత్రం అద్దంలా ఉండేది, ఎప్పుడు చూసినా ఫినాయిల్ వాసన. "పిల్ల ఎంత శుభ్రం నేర్చుకుంది," అని నేను పద్మకు ఫోన్‌లో మెచ్చుకున్నాను. ఇవన్నీ నా నోటు పుస్తకంలో రాసి ఉన్నాయి, అన్నం ఒక పేజీలో, నీళ్లు ఒక పేజీలో. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

నేను చూసింది యాదమ్మ వైపు. గోడ ఎక్కి దిగడం ఎంతసేపు అనుకున్నాను. ఒక సాయంత్రం ఆమె బట్టలు తీస్తుంటే, "మా వసారాలో గిన్నెలు ఖాళీ అవుతున్నాయి యాదమ్మా, పిల్లిగిట్ల వస్తుందా మీ దిక్కునుంచి?" అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. చేతిలో బట్టలు తీగె మీదే వదిలేసి వచ్చింది.

"అన్నం దొంగతనం జేసే గతి ఇంకా పట్టలే మాకు. నీ ఇంట్ల ఎవలికి ఆకలైతుందో ముందు అది సూస్కో సుశీలక్కా!"

నెల రోజులు మాకు మాటలు లేవు. తర్వాత ఒకనాడు ఆమే గోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నేను జెప్తే మళ్ల కోపానికొస్తవు. పిల్ల పగటీలి కక్కుతుంది. నల్లా ఇప్పి కక్కుతుంది, ఇనవడొద్దని. నెల తప్పిందేమో సూడు."

నేను మౌనిక నెలసరి తేదీలు కూడా క్యాలెండర్ మీద రాసేదాన్ని. రెండు నెలలుగా గుర్తు లేదు. ఆ రాత్రి ఏమీ అడగకుండా, మర్నాడు ఉప్పల్‌లో ఒక ల్యాబుకు తీసుకువెళ్లి పరీక్ష చేయించాను. ఏం పరీక్షో సీసా చేతికిచ్చాక గాని మౌనికకు తెలియలేదు. నా మొహం చూసి, "నువ్వు సుత గట్లనే అనుకున్నవా?" అంది. గర్భం లేదని ఫలితం వచ్చింది. నాకు ఊపిరి వచ్చింది. సిగ్గుపడవలసింది అప్పుడే. నేను మాత్రం గ్యాస్ మందు కొనిచ్చి ఇంటికి తీసుకొచ్చాను.

గర్భం కాదు, పిల్లి కాదు, యాదమ్మ కాదు. ఇక మిగిలింది పొగరు. అలా అనుకుని వంట అలమారకు తాళం వేశాను. ఎనిమిది రోజులు వేశాను. తొమ్మిదో రోజు నేను కంపెనీ నుంచి వచ్చేసరికి యాదమ్మ మా గుమ్మంలో కూర్చుని ఉంది. వాళ్ల పిల్లలకోసం వసారాలో మూతపెట్టి ఉంచిన అన్నం గిన్నె మౌనిక ఖాళీ చేసిందట. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. "గోడ దిగుతుంటే నేనే సూసిన. ఏమనలేదు అక్కా. నా కాళ్లు పట్టుకుంది, పెద్దమ్మకు చెప్పకు అని. గా తాళం తియ్యి. ఇది దొంగబుద్ధి కాదు, దీనికేదో పట్టింది." యాదమ్మ చదువుకోలేదు. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది.

తాళం తీశాను గాని పళ్లెం ముందు కాపలా మొదలుపెట్టాను. ఎంత తింది, ఎన్ని ముద్దలు, ఎప్పుడు లేచింది. నేను చేతులు కడుక్కునేలోపు ఆమె కడుపులోది బాత్రూంలో పోయేది. బుగ్గల కింద దవడలు ఉబ్బి మొహం గుండ్రంగా కనిపించేది, అందుకని ఆమె ఇంకా తక్కువ తినాలనుకునేది. కుడిచేతి వేళ్ల కణుపుల మీద చర్మం చెక్కుకుపోయి ఉండేది. బట్టలు ఉతకడం వల్ల అనుకున్నాను. మనిషి చిక్కలేదు, అదే మమ్మల్ని మోసం చేసింది. చిక్కని మనిషికి తిండి జబ్బు ఉంటుందని ఎవరు అనుకుంటారు?

ఒక బంద్ రోజు మధ్యాహ్నం బాత్రూంలో బకెట్ పడ్డ చప్పుడైంది. మౌనిక తలుపుకు అడ్డంగా పడి ఉంది. చేతివేళ్లు వంకర్లు పోయి బిగుసుకున్నాయి. రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. మా ఆయన స్కూటర్ మీద మధ్యలో ఆమెను కూర్చోబెట్టి నేను వెనకనుంచి పట్టుకున్నాను. హబ్సిగూడ వైపు వెళ్లి కనిపించిన మొదటి ఆసుపత్రిలో దింపాం. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నపిల్ల, మౌనికకన్నా ఎనిమిదేళ్లు పెద్దదేమో. రక్తం తీయించింది, గుండెకు ఈసీజీ తీయించింది. తర్వాత మౌనిక కుడిచెయ్యి తిప్పి కణుపులు చూసింది, పళ్లు చూసింది. నన్ను బయటికి వెళ్లమంది. అరగంట తర్వాత పిలిచి, ఒంట్లో పొటాషియం బాగా పడిపోయిందనీ, గుండె కొట్టుకోవడం తప్పుతోందనీ చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు, కాగితం మీద రాయించుకున్నాను. బులీమియా.

"ఆపుకోలేకుండా తినేయడం, తర్వాత భయపడి గొంతులో వేళ్లు పెట్టుకుని బయటికి పంపేయడం. తనే చెప్పింది, సంవత్సరం దగ్గరగా ఇలా ఉందట. సైకియాట్రిస్టుకు చూపించండి."

"పిచ్చి డాక్టరుకా?"

"పేరు మీ ఇష్టం అమ్మా. ఆలస్యం మాత్రం చేయకండి. మళ్లీ ఇలా పడిపోతే ఇక్కడిదాకా తెచ్చే టైం మీకు ఉండకపోవచ్చు."

ఇంటికి వచ్చాక మా ఆయన, "ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోల్కపోతవా పిల్లను? రేపు ఎవడు జేస్కుంటడు?" అన్నాడు. పద్మ ఫోన్‌లో ఏడ్చింది. "జర ఎక్కువ తిన్నదని నా బిడ్డను పిచ్చిదాన్ని జేస్తవా అక్కా? ఎవలకన్న తెలిస్తే నేను బాయిల పడి సస్త." పళ్ల డాక్టరు దగ్గరికి అని చెప్పి నేనే తీసుకువెళ్లాను. మొదట దొరికిన డాక్టరు ఐదు నిమిషాలు చూసి నిద్రమాత్రలు రాసి, నోరు కట్టుకోమ్మా అన్నాడు. ఆ రోజు బస్సులో మౌనిక, "చూసినవా, డాక్టర్‌కు సుత నాకేం లేదనే తెలుసు, నాకు నోరు కట్టుకోనీకి రాదు, అంతే," అంది. ఇంకో డాక్టరును వెతకడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో ఆమె చనిపోయి ఉంటే ఈ కాగితం రాసే మొహం నాకు ఉండేది కాదు.

తార్నాకలో ఒక మందుల షాపు పైన ఉండేది రెండో డాక్టరమ్మ. యాభై దాటిన మనిషి, నేత చీర, గది తలుపు మీద బోర్డు చిన్నది. మౌనికతో గంట మాట్లాడింది. నన్ను పిలిచి ఏం పని చేస్తారని అడిగింది. తూకం అన్నాను. ఇంట్లో కూడా రాస్తారా అంది. మరుసటి వారం నోటు పుస్తకాలు పట్టుకెళ్లాను. చాలాసేపు తిప్పి చూసి, నీళ్ల పేజీ పక్కన అన్నం పేజీ పెట్టింది. "ఇదిగో చూడండి. అన్నం, నీళ్లు ఎక్కువ అయిపోయినవన్నీ పొద్దున తినని రోజులే. పది గంటలు కడుపు మాడ్చుకున్న మనిషి ఒక్కసారిగా తినకుండా ఎలా ఉంటుంది? ముందు ఆ ఖాళీ పోవాలి." వేళకు మూడు పూటలా తినాలి, మధ్యలో రెండుసార్లు ఏదైనా కొంచెం. ఎంత తింటోందో నేను చూడకూడదు, రాయకూడదు. ఇంట్లో బరువు మాట ఎత్తకూడదు. తినడం అయ్యాక ఒక గంట ఆమె పక్కన కూర్చోవాలి, తిండి గురించి తప్ప ఏదైనా మాట్లాడాలి. రోజూ ఒక మాత్ర రాసింది. వారానికొకసారి మౌనికతో మాట్లాడతానంది. "నయమవుతుందా?" అంటే, "ఎక్కువమందికి అవుతుంది. వెనక్కి తిరుగుతుంది, మళ్లీ ముందుకు వస్తుంది," అంది. తేదీ చెప్పమన్నాను. నవ్వలేదు. "తేదీ చెప్పలేనమ్మా."

ఆ గంట నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకి కష్టమైనది. కంపెనీలో రాత్రి షిఫ్టు అడిగి తీసుకుని, పగలు ఇంట్లో ఉన్నాను. పళ్లెం తీశాక ఎదురెదురుగా కూర్చుంటే నాకు మాట దొరికేది కాదు. తిండి గురించి కాకుండా ఆ పిల్లతో నేను అంతవరకు ఏమీ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. తిన్నవా, ఏం తిన్నవు, డబ్బా కడిగినవా, ఇంతే. మొదటి వారం పేపరు చదివి వినిపించాను, ఎక్కడ ధర్నా, ఎక్కడ రైలు ఆపారు. తర్వాత అష్టాచెమ్మ ఆడాం. నలభై నిమిషాల దగ్గర ఆమె కాలు వణకడం మొదలుపెట్టేది, నుదుట చెమట పట్టేది, బాత్రూం వైపు చూసేది. ఒక్కోరోజు లేచి వెళ్లిపోయేది. నేను తలుపు కొట్టకూడదు. బయటికి వచ్చాక తిట్టకూడదు. గవ్వలు మళ్లీ వేయాలి. యాదమ్మ గోడ అవతలనుంచి, "మీ పెద్దమ్మ తొండి ఆడుతుంది మౌనీ, నేను సూస్తున్న," అని అరిచేది. ఒకనాడు ఆటమధ్యలో మౌనిక తలెత్తకుండా, "తినేటప్పుడు నేను అక్కడ ఉండను పెద్దమ్మా. అంత అయిపోయినంక వస్త. వచ్చి సూస్తే గిన్నెలు ఖాళీగ ఉంటయి," అంది. నేను నా వంతు గవ్వలు వేశాను. అనడానికి నాకేం తెలుసు?

నాలుగో నెలలో పద్మ వచ్చింది. మందుల చీటీ చూసి అది పిచ్చి డాక్టరు రాసిందని కనిపెట్టింది. ఆ పూటే బిడ్డను తీసుకుని వాళ్ల ఊరు ఆలేరు వెళ్లిపోయింది. ఎవరో తాయెత్తు కట్టే మనిషి దగ్గరికి తిప్పింది, ఉపవాసాలు చేయించింది. ఆ జబ్బున్న పిల్లకు ఉపవాసాలు! నేను వెళ్తే తలుపు తీయలేదు. డెబ్బై రెండు రోజులు. తర్వాత ఒక పొద్దున మా గుమ్మంలో ఆటో ఆగింది. పద్మ బిడ్డను దాదాపు ఎత్తుకుని దింపింది. మౌనిక పెదవులు తెల్లగా ఉన్నాయి, గొంతులోంచి రక్తం పడిందట. "అక్కా, నువ్వేమన్నా అను. నీ డాక్టర్ దగ్గరికే తోల్కపో," అంది పద్మ. నేనేమీ అనలేదు. అనకపోవడం మంచితనం కాదు, టైం లేదు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండో రాత్రి గుండె ఒకసారి ఆగితే మళ్లీ కొట్టుకునేలా చేశారు.

ఆ తర్వాత మూడేళ్లు డాక్టరమ్మ దగ్గరికి తిరిగాం. మొదటి సంవత్సరం వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకు, తర్వాత నెలకు. తార్నాక బస్సు దిగేటప్పుడు మౌనిక మొదట మొహానికి చున్నీ చుట్టుకునేది, ఎవరైనా గుర్తుపడతారని. రెండో ఏడు అది మానేసింది. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు, బస్సు గంట ఆలస్యం. తెలంగాణ వచ్చిన రోజున ఉప్పల్ చౌరస్తాలో ఎవరో ప్రతివాళ్ల చేతిలో లడ్డూ పెట్టారు. మౌనిక నిలబడి తింది, వేళ్లు చున్నీకి తుడుచుకుంది, ఎవరితోనో ఏదో అరుస్తూ జనంలోకి వెళ్లింది. నేను వాచీ చూసుకుని గంటసేపు అక్కడే నిలబడ్డాను. ఆమె గంటన్నరకు తిరిగి వచ్చింది, మొహం నిండా గులాల్.

కక్కిన పులుపుకు మౌనిక పళ్లు పోయాయి. ముందు నాలుగూ తొడుగులే. పద్మ మూడేళ్ల కిందట పోయింది. చివరిదాకా ఆ జబ్బును గ్యాస్ అనే అంది, పెళ్లివారికీ అదే చెప్పింది. నిజం మౌనికే పెళ్లికి ముందు అబ్బాయికి చెప్పింది, చెప్పి రెండు రోజులు జవాబుకోసం కాచుకుంది. ఇప్పుడు మా వీధిలో చదువుకున్న పిల్లలు డిప్రెషన్ అని ధైర్యంగా అంటున్నారు, కౌన్సెలింగ్‌కు వెళ్తున్నామని చెప్పుకుంటున్నారు. మంచిదే. కాని పెళ్లిళ్లలో, బంతి భోజనాల దగ్గర, "ఏం పిల్లా, ఒళ్లు జేసినవ్" అనే పలకరింపు అలాగే ఉంది. అన్నవాళ్లు నవ్వుతున్నారు, పడ్డ పిల్లలు కూడా నవ్వుతున్నారు. ఆనాడు కాటా మీద మౌనిక కూడా నవ్వే ఉంటుంది. నేను చూడలేదు.

ఇది రాస్తానన్నాక, ఒక ముక్క సరిచూసుకోవాలని ఆదివారమే అడిగాను. అలా కక్కడం చివరిసారి ఎప్పుడు, తెలంగాణ రాకముందేనా అని. మౌనిక నా మొహంలోకి చూసింది. "కాదు. బాబు పుట్టినంక మళ్ల వచ్చింది. నాలుగు నెలలు." మరి ఏం చేశావన్నాను. "నేనే పోయిన డాక్టరమ్మ తానకు. ఇప్పుడు మంచిగనే ఉన్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు వచ్చి కూసుంటవు పెద్దమ్మా. ఆ ఒక్కపారి నాకు ఒక్కదాన్నే పోవాలనిపించింది." కాగితాలు సర్దుతూ, "కోపమా?" అంది.

కోపం లేదన్నాను. అది నిజమే. బాబు పుట్టిన ఆ నాలుగు నెలల్లో నేను నాగారంలో వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఆమె పక్కనే కూర్చుని భోజనం చేశాను. బాబును ఒళ్లో వేసుకుని గంట దాటేదాకా ఉన్నాను. నాకేమీ తెలియలేదు.